పండుగలో ప్రతి చేతికీ పని
(పాతబస్తీ యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వర్షాకాలం పండుగలు దగ్గర పడుతున్నాయి. ఈ ఏడు ఏం చేద్దాం, ఎలా చేద్దాం అని మీరు అడుగుతున్నారు. కొందరు 'ట్రైబల్ థీమ్ నైట్' పెడదామన్నారు. కొందరు ఫంక్షన్ హాల్ మాట్లాడి, డీజే పెట్టి, అందరూ ఒకే రకం డ్రెస్ వేసుకుని ఫొటోలు దిగుదామన్నారు. ఇంకొందరు ఆగస్టు 9 నాడే అన్నీ కలిపి ఒక్కసారి చేసేస్తే ఖర్చు కలిసొస్తుందన్నారు. మీ ఉత్సాహాన్ని మేము తప్పుపట్టడం లేదు. సంతోషించే వయసులో సంతోషించాలి. అయితే థీమ్ పార్టీకీ, పండుగకూ మధ్య ఒక తేడా ఉంది. అది తెలుసుకుని ప్లాన్ చేసుకుంటే రెండూ బాగుంటాయి. తెలియకపోతే రెండూ చెడతాయి. ఈ రోజు ఆ తేడా గురించే నాలుగు మాటలు చెప్తాం.

పార్టీలో డబ్బు పెట్టినవాళ్లు నిర్ణయిస్తారు, వచ్చినవాళ్లు చూస్తారు, తింటారు, పోతారు. మన పండుగలో నిర్ణయించేది కాలం. వాన పడిందా, విత్తు మొలిచిందా, పంట చేతికొచ్చిందా అన్నదాన్ని బట్టి పండుగ వస్తుంది. వచ్చినవాళ్లలో చూసేవాళ్లు ఉండరు. ప్రతి మనిషికీ ఒక పని ఉంటుంది. ఒక మనిషి రాకపోతే ఆ పని ఆగుతుంది. మీరు ఏ కార్యక్రమం తలపెట్టినా ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: "నేను రాకపోతే ఇక్కడ ఏదైనా ఆగుతుందా?" ఆగుతుందంటే అది పండుగ. ఆగదంటే అది పార్టీ.

కాలం పెట్టిన థీమ్

థీమ్ అన్న మాట మనకు కొత్త గాని, విషయం కొత్తది కాదు. మన పండుగల పట్టిక ఒకసారి చూడండి.

ఆషాఢంలో తండాలలో సీత్లా పండుగ. శ్రావణంలో ఆడపిల్లల తీజ్. శ్రావణ అమావాస్యకు గోండుల పోలా, అంటే ఎద్దుల పండుగ. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమురం భీం వర్ధంతి. దీపావళి రోజుల్లో గోండు గూడేలలో దండారి, గుస్సాడి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. రెండేళ్లకోసారి మాఘంలో కోయల ఆడబిడ్డలు సమ్మక్క, సారలమ్మల మేడారం జాతర. ఫిబ్రవరి 15న సేవాలాల్ మహారాజ్ జయంతి. హోళీకి తండాలో లేంగి పాటలు, ఆ ఏడు పుట్టిన మగపిల్లలకు ధూండ్. వానకు ముందు కోయల విత్తనాల పండుగ.

ఇందులో ప్రతిదానికీ ఒక విషయం ఉంది. విత్తనం, పశువు, రోగం, వాన, కొత్త కోడలు, పుట్టిన బిడ్డ, పోరాడి చనిపోయిన వీరుడు. ఒక్కో కాలంలో మనిషికి ఏది ముఖ్యమో, ఏది భయమో, దాని చుట్టూ పెద్దలు పండుగ కట్టారు. అలంకరణ దాని వెనక వచ్చింది. ఇప్పుడు మనం అలంకరణ ముందు ఎంచుకుని, విషయం వెనక వెతుక్కుంటున్నాం.

ఇంకో మాట. పైన చెప్పినవన్నీ ఒకే జాతి పండుగలు కావు. గోండులవి గోండులవి, కోయలవి కోయలవి, లంబాడీలవి లంబాడీలవి. అన్నీ కలిపి ఒక సాయంత్రంలో 'ట్రైబల్' అని పెడితే ఎవరిదీ ఎవరికీ అర్థం కాదు. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ ప్రజలపై ఏర్పడిన కార్యబృందం మొదటిసారి కూర్చున్న రోజు అది. 1994లో దాన్ని దినోత్సవంగా ప్రకటించారు. ప్రతి ఏడూ దానికి ఒక విషయాన్ని కూడా ఐక్యరాజ్యసమితి ఇస్తుంది. ఆ రోజు అందరం ఒక వేదిక మీద కూర్చుని హక్కుల గురించి, భాషల గురించి మాట్లాడుకుందాం. అది సభ. సభ పని సభ చేస్తుంది, పండుగ పని పండుగ చేస్తుంది.

ఆషాఢం: ఒకే భయం, రెండు పండుగలు

పాతబస్తీలో ఉంటున్నాం కాబట్టి ఇక్కడి నుంచే ఒక ఉదాహరణ చెప్తాం.

ఆషాఢంలో లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి బోనాలు మీరందరూ చూసినవే. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దాటి, పాతబస్తీకి వస్తాయి. కొత్త కుండలో పాలు, బెల్లం వేసి అన్నం వండి, వేపరెమ్మలు కట్టి, పైన దీపం పెట్టి ఆడవాళ్లు తలకెత్తుకుంటారు. మర్నాడు రంగం, ఘటాల ఊరేగింపు. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అమ్మవారికి మొక్కు చెల్లించాడని పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు.

సరిగ్గా అదే ఆషాఢంలో తండాలో సీత్లా భవాని పండుగ. మేరామ, తుల్జా, సీత్లా, హింగ్లాజ్, కంకాళి... ఇలా ఏడుగురు అక్కచెల్లెళ్లకు తండా పొలిమేరలో ఏడు రాళ్లు నిలుపుతాం. జొన్నలు, శనగలు ఉడికించిన గుగ్గిళ్లు, బెల్లంతో చేసిన లాప్సీ నైవేద్యం పెడతాం. తండా పశువులన్నిటినీ ఆ చోటు మీదుగా దాటిస్తాం. వానకాలం మొదట్లో మశూచి, కలరా, పశువుల గాళ్లు వచ్చే రోజుల్లో, పిల్లలూ గొడ్లూ క్షేమంగా ఉండాలని మొక్కు అది.

నగరంలో బోనం, తండాలో లాప్సీ. రెండింటి వెనకా ఉన్నది కొత్త నీళ్లతో వచ్చే రోగం భయం, బిడ్డల క్షేమం. మీ పక్కింటి అక్క బోనం ఎత్తుకున్నప్పుడు ఆమె ఏం మొక్కుతుందో మీకు సులభంగా అర్థమవుతుంది, మీ అమ్మమ్మ సీత్లాకు అదే మొక్కింది కాబట్టి. ఇది తెలిసిన పిల్ల పక్కవాళ్ల పండుగను తమాషాగా చూడదు. తన పండుగను ఎదుటివాళ్లకు తమాషాగా చూపించదు.

నగరంలో గొడ్లు లేవు కదా, సీత్లా ఎలా చేస్తాం అని మీరు అడగొచ్చు. విషయం పట్టుకుంటే దారి దొరుకుతుంది. ఆ వారం మన బస్తీలో నీళ్ల ట్యాంకులు కడిగించండి. నిలిచిన నీళ్లు ఎత్తిపోయండి. చిన్నపిల్లల టీకా కార్డులు తెప్పించి ఎవరిది మిగిలిందో చూసి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. సాయంత్రం గుగ్గిళ్లు, లాప్సీ వండి పంచండి. సీత్లా తల్లికి ఇంతకన్నా మంచి మొక్కు ఏముంటుంది?

నాగోబా దగ్గర నేర్చుకోవాల్సిన ప్లానింగ్

ఈవెంట్ మేనేజ్‌మెంట్ అని కోర్సులు పెట్టి నేర్పుతున్నారు. మంచిదే. కాని పెద్ద కార్యక్రమం ఎలా నడపాలో చూడాలంటే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ వెళ్లి మెస్రం వంశస్తులను చూడండి.

నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి. పని చాలా ముందే మొదలవుతుంది. ముందుగా ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి జాతర కబురు చెప్తారు. పూజకు కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. మెస్రం వాళ్లు కాలినడకన జన్నారం దగ్గర గోదావరి ఒడ్డున హస్తినమడుగుకు వెళ్లి, పవిత్ర జలం తీసుకుని, మళ్లీ నడుచుకుంటూ వస్తారు. కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. వంశం ఆడబిడ్డలూ అల్లుళ్లూ నీళ్లు తెచ్చి పుట్టమట్టి పని చేస్తారు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంటకు 22 పొయ్యిలే. వంతుల ప్రకారం వాటి మీదే వండుకుంటారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను 'భేటింగ్' చేసి దేవుడికి, పెద్దలకు పరిచయం చేస్తారు. ఆ తరువాతే వాళ్లు పూర్తిగా ఆ వంశం మనుషులు. 1940లలో హైమెండార్ఫ్ కాలంలో మొదలైన దర్బారు ఈనాటికీ జాతరలో జరుగుతుంది. అధికారులు వచ్చి జనం గోడు వింటారు.

ఇందులో టికెట్టు లేదు, కాంట్రాక్టర్ లేడు. కుమ్మరికి పని ఉంది, ఆడబిడ్డకు పని ఉంది, అల్లుడికి పని ఉంది, కొత్త కోడలికి చోటు ఉంది, అధికారిని నిలదీయడానికి సమయం ఉంది. ఇన్ని తరాలుగా ఈ జాతర నిలబడిందంటే కారణం ఇదే. పని పంచారు కాబట్టి బాధ్యత పంచినట్టయింది. బాధ్యత ఉన్నవాడు మళ్లీ ఏడు తప్పకుండా వస్తాడు.

వేషం అద్దెకు దొరుకుతుంది, దాని నియమం దొరకదు

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. నగరంలో మన దుస్తులు, మన ఆటలు వేరేవాళ్ల థీమ్ అయిపోయాయి. ఫ్రెషర్స్ పార్టీలో నెమలి ఈకల టోపీ. రిసార్టు ప్రారంభానికి లంబాడీ నృత్యం. పెళ్లి ఊరేగింపు ముందు గుస్సాడి. అద్దె దుకాణంలో రాత్రికింత అని డ్రెస్సు దొరుకుతుంది.

గుస్సాడి అంటే ఏమిటి? దండారి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న మనిషి దీక్షలో ఉంటాడు. ఒంటికి బూడిద పూసుకుంటాడు. స్నానం చేయడు. నేల మీద పడుకుంటాడు. చివర కోలబోడి అయ్యాకే దీక్ష విప్పుతాడు. మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఈ ఆటను ఎందరో పిల్లలకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. అంతటి మనిషి జీవితమంతా కాపాడిన దాన్ని ఒక సాయంత్రం సెల్ఫీకి వాడేసుకుంటే మనకు ఏం మిగులుతుంది?

లంబాడీ దుస్తులూ అంతే. ఫేటియా, కాంచళి, అద్దాల కుట్టుపని చూడటానికి అందంగానే ఉంటాయి. కాని చెంపల పక్కన వేలాడే ఘుగ్రీ, మోచేతి పైన వేసే బలియా గాజులు పెళ్లయిన ఆడదాని గుర్తులు. అద్దె దుకాణం వాళ్లకు అది తెలియదు. పెళ్లికాని పిల్లకు పెట్టి పంపిస్తారు. ఆ ఫొటో చూసి మన అమ్మమ్మలు నోరు నొక్కుకుంటారు. వేరేవాళ్లకు తెలియకపోతే చెప్పొచ్చు. మన పిల్లలకే తెలియకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

పాతబస్తీలోనే ఇంకో ఉదాహరణ ఉంది. మర్ఫా వాయిద్యం మీరు ప్రతి బారాత్‌లో వింటారు. దాన్ని ఈ నగరానికి తెచ్చినవాళ్లు నిజాం సైన్యంలో పనిచేసిన హబ్షీలు, యెమెన్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ చావుష్‌లు. ఇప్పుడు మర్ఫా పెళ్లి ప్యాకేజీలో ఒక లైను. వాయించేవాళ్ల కథ ఎంతమందికి తెలుసు? కూలీ దొరకడం మంచిదే. ఆట అమ్ముకుని బతికేవాళ్లను మేము ఎన్నడూ తక్కువ చేయం. కాని ఒక కళ పూర్తిగా అద్దె వస్తువైతే, దాని పేరు ఉంటుంది, దాని మనుషులు మరుగున పడతారు. మన దప్పు, మన డోలీ, మన లేంగి పాట ఆ దారిన పోకూడదు.

పాతబస్తీలో తీజ్: మా ప్రతిపాదన

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఈ శ్రావణంలో తీజ్ చేద్దాం. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చి సైదాబాద్ సింగరేణి కాలనీలో, ఆ చుట్టుపక్కల బస్తీలలో బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల ఆడపిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టారు. గోర్ బోలీ అర్థమవుతుంది గాని మాట్లాడలేరు. పాట తెలిసిన అవ్వలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఈ రెండు తరాలు ఒకే మంచె కింద కూర్చునే అవకాశం ఎంతకాలం ఉంటుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఈ ఏడే చేద్దామంటున్నాం.

పద్ధతి తండాకు తండాకు కొంత మారుతుంది. మొత్తం మీద ఇలా ఉంటుంది. పెళ్లికాని ఆడపిల్లలు నాయక్ దగ్గరికి వెళ్లి తీజ్‌కు అనుమతి అడుగుతారు. బుట్టల్లో మట్టి, ఎరువు వేసి నానిన గోధుమలు చల్లుతారు. మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు పూటపూటా పాటలతో నీళ్లు పోస్తారు. మధ్యలో బోరడీ ఝష్కేరో అని ఒక ఆట. రేగుముళ్లకు ఆడపిల్లలు నానిన శనగలు గుచ్చుతుంటే, మగపిల్లలు కొమ్మను కదిలిస్తుంటారు. ముల్లు గుచ్చుకున్నా నవ్వుతూ గుచ్చాలి. చివర్లో గణగోర్ మట్టిబొమ్మలు, చూర్మా నైవేద్యం. తొమ్మిదో రోజు మొలకలను అన్నదమ్ములకు, పెద్దలకు పంచి, మిగతావి చెరువులో కలుపుతారు.

నగరంలో దీన్ని ఎలా ప్లాన్ చేయాలో వరుసగా చెప్తాం, రాసుకోండి.

ఒకటి, తేదీ. పాతబస్తీకి తన క్యాలెండర్ ఉంది. బోనాల ఆదివారం, మర్నాటి ఊరేగింపు, మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం, వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా వచ్చే శోభాయాత్ర, రంజాన్ రాత్రుల రద్దీ... ఇవన్నీ చూసుకునే ఊరేగింపు దారి ఖాయం చేయాలి. మొహర్రం, రంజాన్ చాంద్రమానం మీద నడుస్తాయి, ప్రతి ఏడూ ముందుకు జరుగుతాయి. పోయినేడు తేదీ చూసి ఈ ఏడు లెక్క వేయకండి.

రెండు, అనుమతి. మొదటి అనుమతి నాయక్‌ది. నగరంలో నాయక్ లేకపోతే బస్తీలో పెద్దమనిషి ఎవరో ఆయన దగ్గరికి ఆడపిల్లలే వెళ్లి అడగాలి. అది ఊరికే మర్యాద కోసం కాదు. ఈ పండుగ తొమ్మిది రోజులూ ఆడపిల్లల చేతిలో ఉంటుందని ఊరంతా ఒప్పుకునే మాట అది. రెండో అనుమతి పోలీసు స్టేషన్‌లో. మైకు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా పెట్టకూడదని చట్టం ఉంది. మూడో అనుమతి ఎవరూ రాసివ్వరు, అది ఇరుగుపొరుగువాళ్లది. పక్క గల్లీలో మసీదు ఉంటే అజాన్ వేళ డప్పు ఆపండి. ముందే వెళ్లి చెప్పండి, "అన్నా, తొమ్మిది రోజులు మా పిల్లల పండుగ, చివరి రోజు మీరూ రావాలి" అని. పిలిచినవాడు ఫిర్యాదు చేయడు, భోజనానికి వస్తాడు.

మూడు, పనుల పంపకం. ఒక్కో ఆడపిల్లకు ఒక్కో బుట్ట. ఆ బుట్ట ఆమెదే. కాలేజీ, డ్యూటీ ఉన్నవాళ్లు జతలుగా ఏర్పడి నీళ్ల వంతులు వేసుకోండి. డాబా మీద మంచె కట్టడం, మట్టి మోయడం, రేగుకొమ్మలు తేవడం, వంటపాత్రలు కడగడం మగపిల్లలది. అవును, కడగడం కూడా. అవ్వలకు ఒకే పని, పాట నేర్పడం. రోజుకు ఒక్క పాట చాలు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. కాని నీళ్లు పోసేటప్పుడు ఫోన్ పాట పెట్టకండి, నోటితో పాడండి. తప్పు పాడితే అవ్వ సరిచేస్తుంది. ఆ సరిచేయడమే చదువు.

నాలుగు, సరుకులు. పాతబస్తీలో ఉండటం మన అదృష్టం. బుట్టలు మేదరుల దగ్గరే కొనండి, ప్లాస్టిక్ ట్రేలు వద్దు. పెద్ద గిన్నెలు బేగంబజార్‌లో. పిలుపు కార్డు కావాలంటే ఛత్తాబజార్ ప్రెస్సుల్లో, కాని నలుగురిని ఇంటికెళ్లి పిలవడం కార్డు కన్నా మేలు. గాజులు లాడ్‌బజార్‌లో. లక్క గాజు కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. లక్క మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు పెట్టే బంక. దాన్ని అడవిలో గీకి తెచ్చే చేతుల్లో ఎక్కువ ఆదివాసీలవే. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చార్మినార్ నీడలో కొలిమి దగ్గర కూర్చున్న కారిగర్‌కూ, అడవిలో కొమ్మ కోసే మనిషికీ మధ్య ఆ గాజే దారం. మీ చేతికి వేసుకున్నది ఎవరి కష్టమో తెలిస్తే దాని అందం ఇంకొంచెం పెరుగుతుంది.

ఐదు, డబ్బు. ఇంటికి ఇంత అని చందా వేసుకోండి. ఇవ్వలేని ఇల్లు గోధుమలు గాని, బెల్లం గాని, ఒక పూట పని గాని ఇస్తుంది. అదీ చందా కిందే రాయండి. పెద్ద పేరు వేసుకుంటాం, బ్యానర్ కడతాం అని వచ్చే డబ్బు జాగ్రత్త. బ్యానర్ మీద పేరున్నవాడే పండుగ తేదీ మారుస్తాడు. ఖర్చు లెక్క చివరి రోజు గోడకు అంటించండి. అప్పు చేసి పండుగ చేయకూడదు. డీజేకు పెట్టే డబ్బుతో రెండు డప్పులు కొంటే అవి వచ్చే ఏడు కూడా మనవే.

ఆరు, ముగింపు. మూసీలో గాని, దొరికిన నాలాలో గాని కలపకండి. వీలైతే ఆదివారం బస్సు మాట్లాడుకుని తండా చెరువుకు వెళ్దాం. ఇక్కడ పుట్టిన పిల్లలు ఊరు చూస్తారు, ఊరివాళ్లు మన పిల్లలను చూస్తారు. వీలుకాకపోతే శుభ్రమైన నీళ్ల తొట్టిలో కలిపి, ఆ మట్టిని బస్తీలో నాటిన మొక్కలకు పోద్దాం. ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ ముట్టుకోవద్దు.

మరి పార్టీలు వద్దా?

వద్దని మేము అనలేదు. పుట్టినరోజు చేసుకోండి, ఫేర్‌వెల్ చేసుకోండి. థీమ్ కావాలంటే అడవి కాలాన్నే థీమ్ చేసుకోండి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఉట్నూరు వైపు ఆదివాసీ అక్కలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు తెప్పించండి. గిరిజన సహకార సంస్థ తేనె పెట్టండి. జొన్న రొట్టె, చింతచిగురు పప్పు వండండి. గోడకు ఈకలు, బాణాలు వేలాడదీసే బదులు, కుమురం భీం ఏ కాలంలో జోడేఘాట్ ఎందుకెక్కాడో ఒక పిల్లవాడితో పది నిమిషాలు చెప్పించండి. ఆట ఆడేవాళ్లను పిలిస్తే దారి ఖర్చు, భోజనం, గౌరవంగా పారితోషికం ముందే మాట్లాడండి. వాళ్లకు కుర్చీ వేయండి, పేరుతో పరిచయం చేయండి. వాళ్ల నియమం ఏమిటో ముందు అడగండి. "ఇది బయట ఆడం" అంటే అక్కడితో వదిలేయండి.

దుస్తుల గురించి అనుమానం ఉంటే మాసబ్‌ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. ముందు అక్కడికి గుంపుగా వెళ్లి చూడండి. 2022 సెప్టెంబరు 17న బంజారాహిల్స్‌లో కుమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. బంజారాహిల్స్ అన్న పేరులోనే మన ముత్తాతల ఉనికి ఉంది. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన బిడారుల జాతి అది. ఇవాళ ఆ గుట్టల మీద మన తండా లేదు, పేరు మిగిలింది. మన పండుగ కూడా నగరంలో ఒట్టి పేరుగా మిగలకూడదనే ఇంత సేపు చెప్పాం.

చివరగా ఆడపిల్లలతో ఒక మాట. తీజ్ మొలకల పని తొమ్మిది రోజులు. ఒక పూట మరిచినా మొలక వాడుతుంది. పదో నిమిషంలో రీల్ తయారయ్యే కాలంలో తొమ్మిది రోజులు ఒక దాన్ని కనిపెట్టుకుని ఉండటం మీకు కొత్తగా ఉంటుంది. కాని చదువైనా, ఉద్యోగమైనా, ఇల్లయినా ఈ ఓపికతోనే నడుస్తుంది. అబ్బాయిలతో ఒక మాట. ఆ తొమ్మిది రోజులూ చెల్లెళ్లు చెప్పినట్టు వినండి. నాయక్ ముందు తలవంచి ఇచ్చిన మాట అది.

ఈ సమావేశం అయిపోయాక బయట బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాం. అందులో పేరు ఒక్కటే రాయకండి. పేరు పక్కన మీరు తీసుకునే పని రాయండి. మంచె, మట్టి, నీళ్లు, పాట, వంట, లెక్క, పోలీసు అనుమతి, పక్కింటి పిలుపు. ఖాళీ ఉన్న పని ఏదో చూసి దాని పక్కన మీ పేరు రాసి వెళ్లండి. శ్రావణానికి ఎక్కువ రోజులు లేవు.

జోహార్. జై సేవాలాల్.